చుక్క నీటికీ లోతున్నది



పారమీషియం బొమ్మ గీయకుండా బడి చదువు దాటిన తెలుగు విద్యార్థి అరుదు. చెప్పు ఆకారం, చుట్టూ శైలికలు, లోపల కేంద్రకాలు. భాగాలు గుర్తిస్తే మార్కులు. అయితే ఆ బొమ్మ ఒక అసత్యాన్ని కూడా నేర్పుతున్నదని నా అభిప్రాయం. జీవి కాగితంలా చదునైనదన్న అసత్యం అది. నిజానికి మిల్లీమీటరులో మూడో వంతైనా ఉండని ఆ ప్రాణి తన చుట్టూ తాను తిరుగుతూ, మరచుట్టులా మెలికలు పోతూ ఈదుతుంది.

ఈ లోతును పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు చాలా శ్రమించారు. 1957లో మార్విన్ మిన్‌స్కీ కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినికి పేటెంటు కోరాడు. ఫోకస్‌లో లేని పొరల వెలుతురును ఒక సన్నని రంధ్రంతో అడ్డుకోవడమే అందులోని కిటుకు. ఒక్కొక్క పొరనే చూసి, చిత్రాలను వరుసగా పేర్చితే నిండు రూపం తేలుతుంది. నాపరాళ్ళు పొరలుగా లేచే మన సీమవారికి ఇది వింతగా తోచదు. కాని తీక్ష్ణమైన కాంతి ప్రాణికి హాని, చూడబోయి చంపినట్లవుతుంది. అందుకే 2004లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు కాంతిని పలుచని రేకులా పక్కనుండి పంపి, చూస్తున్న పొరకు మాత్రమే వెలుగు తగిలేలా చేశారు. బతికున్న చేప పిండాన్ని అలా చూపించారు.

ఆ యంత్రాల ఖరీదు మైలవరంలోని బడి భరించగలిగేది కాదు. సూత్రానికి మాత్రం ఖరీదు లేదు. పెన్న మీది జలాశయపు అంచున నిలిచిన నీటి చుక్క, నాలుగు దూదిపోగులు, మామూలు సూక్ష్మదర్శిని చాలు. పోగుల నడుమ చిక్కిన ప్రాణి పరుగు తగ్గుతుంది. అప్పుడు ఫోకస్ మరను మెల్లగా తిప్పితే పైనున్న శైలికలు కనిపించి మాయమవుతాయి. ఆపై ఆహార రిక్తికలు, అటుపై అడుగు భాగం. పొరకొక బొమ్మ చొప్పున పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాల మీద గీయించి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చమనండి. కాన్‌ఫోకల్ పద్ధతిలోని మూలభావం పిల్లవాడి చేతిలో ఉంటుంది.

దీనివల్ల పరీక్షలో ఒరిగేదేమిటని అడిగేవారుంటారు. పరీక్షే మారాలంటాను నేను. కంఠస్థం చేసిన బొమ్మకు ఇచ్చే మార్కులలో సగమైనా కంటితో చూసి గీసిన బొమ్మకు కేటాయించాలి. జలాశయం ఒడ్డున పెరిగే పిల్లలకు నీటికి లోతుంటుందని ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నీటిలోని ప్రాణికీ లోతున్నదని చూపడం మన బాధ్యత.

మీరేమంటారు?