దోమలను లెక్క పెట్టిన ఆవిడ ఓట్లు అడగవచ్చునా?



పోయిన నెల సైన్సు మేడం ఒక సంగతి చెప్పారు. ఆస్ట్రేలియా కింద సముద్రంలో టాస్మానియా అనే దీవి ఉంది. మన అట్లాసులో గోరంతే గానీ అది ఒక రాష్ట్రం, దానికి సొంత అసెంబ్లీ ఉంది. అందులో రోజలీ వుడ్‌రఫ్ అనే ఆవిడ సభ్యురాలు. ఆవిడ మొదట రాజకీయం మనిషి కాదు. రోగాలు ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు వస్తాయో లెక్క కట్టే పరిశోధకురాలు. ఆ దేశంలో దోమల వల్ల రాస్ రివర్ జ్వరం వస్తుందట. చంపదు గానీ కీళ్ళు పట్టేస్తుంది. వాన ఎంత, వేడి ఎంత అని చూసి ఆ జ్వరం ఎక్కువయ్యే ఏడాదిని ముందే చెప్పవచ్చునా అని ఆవిడ, తోటివారు పరిశోధించి 2002లో అచ్చు వేశారు. 2014లో గ్రీన్స్ పార్టీ తరపున పోటీ చేసి గెలవలేదు. 2015లో ఆ పార్టీ సభ్యుడు దిగిపోతే పాత ఓట్లే మళ్ళీ లెక్కించి ఆవిడకు సీటు ఇచ్చారు. (అక్కడి పద్ధతి అంతేనట, నాకైతే వింతగా ఉంది.) 2023లో పార్టీ నాయకురాలు అయ్యారు.

ఇది విని మా క్లాసులో గొడవ అయిపోయింది. "అంత చదువు చదివి ఓట్ల కోసం ఇల్లిల్లూ తిరగడం ఏటి?" అని ఒకామె అంది. ఇంకొకామె, "జెండా పట్టుకున్నాక ఆవిడ లెక్క ఎవరు నమ్ముతారు? పార్టీ లెక్క అంటారు" అంది. మొదటి మాటకి నవ్వొచ్చింది. రెండో మాట మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వలేదు, ఎందుకంటే అందులో నిజం ఉంది.

అయినా నేను ఆవిడ పక్షమే. కారణం మా ఊరు. నాకు ఆరేళ్ళప్పుడు మా చిన్నమ్మ కూతురు వణుకు జ్వరంతో పోయింది. ముందు దిసారి దగ్గరకి తీసుకుపోయారు, కోడిని కోశారు. తరువాత డోలీ కట్టి కొండ దింపారు. రక్తం చూసి మలేరియా అని చెప్పేసరికి అంతా అయిపోయింది. మా ఆశా అక్క నోటు పుస్తకంలో ఆ ఏడాది జ్వరాలన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. ఆ లెక్క పైకి వెళ్ళింది. రోడ్డు మాత్రం మా ఊరికి రాలేదు. మన రాష్ట్ర అసెంబ్లీలో 175 సీట్లు, అందులో ఎస్.టి. సీట్లు 7. ఆ ఏడుగురిలో ఒకరు జ్వరాల పుస్తకం రాసిన ఆశా అక్క అయితే, రోడ్డు సంగతి అడగకుండా ఊరుకునేదా?

జ్వరాల ఆవిడకి అడవులు, చేపలు ఎందుకు అని కూడా అడిగారు. వానకీ వేడికీ రోగానికీ సంబంధం చూసిన మనిషి వాటిని ఎలా ఒగ్గేస్తుంది? 2025 మొదట్లో అక్కడ సముద్రంలో పెంచే సాల్మన్ చేపలు వేల టన్నులు చచ్చిపోయి ముక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆవిడ పార్టీ ఆ పెంపకం మీద పోరాడుతున్నది. ఆ పనితో బతికేవాళ్ళకి ఆవిడ మీద కోపం ఉంటుంది, అదీ ఒప్పుకోవాలి. 2025 ఎన్నికల్లో 35 సీట్లకి వాళ్ళకి వచ్చినవి 5. అయిదుగురితో ప్రభుత్వం రాదు, కానీ సభలో నిలబడి అడగవచ్చు.

ఇప్పుడు మన హాస్టల్ మాట. పిల్లల మంత్రివర్గం ఎన్నిక వస్తోంది. పోయినసారి ఆరోగ్య మంత్రికి ఎందుకు ఓటు వేశాం? పాట బాగా పాడిందని. నేనూ వేశాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ప్రతి శుక్రవారం డ్రై డే నాడు ట్యాంకు వెనక్కి పోయి కూర్చుంటుంది. అక్కడ పైపు కారి నీళ్ళు నిలిచాయి. మురికి నీరు కాదు, తేట నీరే. మలేరియా దోమకి అదే ఇష్టం. పురుగులు కనిపిస్తే రాసుకుంటుంది, ఏ గదిలో ఎవరికి జ్వరమో కూడా రాసుకుంటుంది. నిలబడమంటే, "నాకు మాటలు రావు అక్కా, అందరూ నవ్వుతారు" అంది.

వార్డెన్ అమ్మగారు కోపం తెచ్చుకోవద్దు. ఆ పైపు సంగతి ఆమె వాచ్‌మన్ తాతకి రెండుసార్లు చెప్పింది. మంత్రి అయితే నెల మీటింగులో మీ ఎదుటే చెబుతుంది. రెండో మాట అన్న స్నేహితురాలికి నా జవాబు ఇదీ: ఆ పుస్తకాన్ని భోజనాల హాలులో మేకుకి తగిలిద్దాం. నమ్మనివాళ్ళు గదులకి వెళ్ళి సరి చూసుకోవచ్చు.

పేర్లు శనివారం లోపల ఇవ్వాలి. ఆమె పేరు నేను రాసి ఇస్తున్నాను. బలపరచడానికి ఇంకొక సంతకం కావాలి. సంతకం చేసేవాళ్ళు ముందు ట్యాంకు వెనక్కి వెళ్ళి చూసి రండి, నీళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని