రెండు గంటలని చెప్పితిమి



ఆళ్లగడ్డవారు విమానమెక్కవలెనంటే ఏ ఊరు దగ్గర, ఎంతసేపు పట్టునని చాగలమర్రి వైపు నుండి ఒక సహోదరి అడిగియున్నారు. ఉత్తరమున ఓర్వకల్లు, దక్షిణమున కడప. రోడ్డు మీద రెండును ఇంచుమించు నూరేసి కిలోమీటర్లు. కడపకు 2015లో విమానములు వచ్చినవి. ఓర్వకల్లు విమానాశ్రయము 2021 మార్చి 25న ప్రారంభమైనది. దానికి మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు పెట్టిరి. మూడు దినముల తరువాత అక్కడినుండి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నములకు విమానములు మొదలైనవి.

ఎంతసేపు అన్న సంగతిలో మేము ఒకసారి బాగా మోసపోతిమి.

విశాఖలో మా బావగారికి గుండె ఆపరేషను అన్నారు. లోపలికి తీసికొనిపోవుటకు ముందు మమ్మును చూడవలెనని ఆయన కోరిక. మేము టిక్కెట్టు చూచి, "రెండు గంటల ప్రయాణమే, మధ్యాహ్నము లోపల మీ మంచము దగ్గర ఉందుము" అని ఫోనులో ధైర్యముగా చెప్పితిమి. ఓర్వకల్లు నుండి విశాఖకు ఆకాశమార్గమున సుమారు 580 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోగల చిన్న రెక్కల పంకా విమానము. లెక్క సరిగానే ఉన్నది. అయితే టిక్కెట్టు మీది కాలము విమానము నిలిచినచోటు నుండి కదలి, మరల నిలుచువరకే గదా! మన గడప దానికేమి తెలియును?

తెల్లవారుజామున 5 గంటలకు ఆళ్లగడ్డలో బస్సెక్కితిమి. నంద్యాలలో దిగి కర్నూలు బస్సు కొరకు నిలిచితిమి. ఓర్వకల్లులో ఆటో. తనిఖీల కొరకు ముందుగా చేరవలెను గనుక అక్కడ మరి కొంతసేపు. విశాఖలో దిగి ఊరి రద్దీ దాటి ఆసుపత్రి చేరునప్పటికి 2 దాటినది. బావగారిని 12 గంటలకే లోపలికి తీసికొనిపోయిరి. అక్క బల్లమీద ఒంటరిగా కూర్చుండెను. "ఆయన తలుపువైపే చూచుచు పోయెను" అన్నది, అంతే. ముందు రాత్రి నంద్యాలలో రైలెక్కియుంటే ఆయన లోపలికి పోకముందే చేరియుందుము.

విమానము దండుగ అని మేము చెప్పుట లేదు. స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్‌నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అను రెండు చిన్న విమానాశ్రయములున్నవి. వాటి నడుమ 2.7 కిలోమీటర్లే! 1967 నుండి అక్కడ విమానము నడుచుచున్నది. కాలపట్టికలో 2 నిమిషములని వ్రాసియుందురు. నడుమ సముద్రము, వంతెన లేదు. అక్కడివారికి అది మన పల్లె బస్సు వంటిది. అదే నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ నడిపితే? నేరుగా కొలిస్తే 40 కిలోమీటర్లకు కొంచెము తక్కువ, రోడ్డు మీద కొంచెము ఎక్కువ. పది నిమిషములు ఎగురుటకు గంటకు పైగా కాచుకొనవలెను. ఈలోగా మన బస్సు ఆళ్లగడ్డ చేరి టీ కూడా త్రాగును.

కాబట్టి సహోదరీ, ఇంటి తలుపు వేసిన గంట నుండి అవతలి తలుపు తట్టు గంట వరకు లెక్క వ్రాసికొనండి. ఆ దినమున విమానము ఉన్నదో లేదో ముందే విచారించండి.

బావగారు కోలుకొనిరి. ఇప్పుడు మేము బయలుదేరినామని ఫోను చేస్తే ఎన్ని గంటలు పట్టునని అడుగరు, "నంద్యాల దాటితిరా?" అని అడుగుదురు.