మా అమ్మ చూసిన ప్రపంచకప్

మా ఊరి పేరులోనే వారం ఉంది. కోస్తా చుట్టాలు గురువారం అంటారు, లక్ష్మివారం అంటారు. మాకు మాత్రం బేస్తవారమే. బేస్తవారిపేట వాళ్లకు బేస్తవారం కలిసిరాకపోతే ఇంకెవరికి కలిసొస్తుందని మా అమ్మ గట్టి నమ్మకం. పెళ్లిచూపులైనా, పొలం బేరమైనా ఆమె ముందు చూసేది ఆ వారాన్నే.

2025 అక్టోబరు 9 బేస్తవారం. విశాఖపట్నంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్, దక్షిణాఫ్రికాతో. మా దగ్గరున్న టికెట్లు దానికి కాదు, 12వ తేదీ ఆదివారం ఆస్ట్రేలియాతో జరిగే మ్యాచ్‌కి. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి బడి, నాకు ఆఫీసు. అందుకే ఆదివారం ఎంచుకున్నాం. బేస్తవారం నాటిది ఇంట్లోనే టీవీలో చూశాం. 102 పరుగులకే ఆరు వికెట్లు పోయాక రిచా ఘోష్ 94 కొట్టి స్కోరును 251కి చేర్చింది. గెలిచినట్టే అనుకుంటుండగా దక్షిణాఫ్రికా అమ్మాయి నదీన్ డి క్లెర్క్ 54 బంతుల్లో 84 బాది మ్యాచ్ లాక్కెళ్లిపోయింది.

అమ్మ పెదవి విరిచింది. "బేస్తవారం నాడే ఓడినోళ్లు ఆదివారం ఏం గెలుస్తార్రా? ఆ డబ్బులు వాపసు ఇస్తారేమో అడుగు."

వాపసు ఇవ్వరు. ఇచ్చినా నేను తీసుకునేవాణ్ని కాదు. ఆ ప్రయాణం వెనుక నా లెక్క ఒకటుంది. మా అమ్మాయి బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అమెరికా, జపాన్ వాళ్లు పడిచచ్చే బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటి ఆట అది. జట్టుకు తొమ్మిది మంది, బంతిని చెయ్యి కింది నుంచి విసురుతారు, చేతికి పెద్ద తోలు గ్లౌజు. స్కూల్ గేమ్స్‌లో మన రాష్ట్రం పిల్లలు బాగానే ఆడుతున్నారు. ఆ ఏడాది జిల్లా జట్టు ఎంపికలో మా అమ్మాయి పేరు రాలేదు. ఏడవలేదు, అలగలేదు. గ్లౌజు తీసుకెళ్లి బీరువా మీద పెట్టేసింది. అంతే. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

చూపిద్దామంటే సాఫ్ట్‌బాల్ ప్రపంచకప్ మన పక్కకు రాదు. వచ్చిందల్లా క్రికెట్. ఆడేది మాత్రం అమ్మాయిలే. ఇంట్లో సర్ది చెప్పడానికి మా ఆవిడ ఉండిపోయింది. నేను, అమ్మాయి, 'మీతో పాటు సింహాచలం అప్పన్నను చూసొస్తా' అని బయల్దేరిన మా అమ్మ... ముగ్గురం తేలాం.

మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు పెద్ద టోర్నమెంటు మన రాష్ట్రానికి వస్తుంది. మీరూ పిల్లల్ని తీసుకెళ్తారు. అందుకే మేం నేర్చుకున్నవి, నేర్చుకోక దెబ్బతిన్నవి చెప్తాను.

ముందు రైలు, తర్వాతే మ్యాచ్

పశ్చిమ ప్రకాశం వాళ్లకు విశాఖ దూరాభారం. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగా పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మనకు నేరుగా ఉన్న దారి. బెంగళూరులో మధ్యాహ్నం బయల్దేరి, మన వైపు అర్ధరాత్రి అటూ ఇటుగా వచ్చి, మర్నాడు పొద్దెక్కాక విశాఖలో దించుతుంది. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. అర్ధరాత్రి రైలుకు తేదీ చూసుకోవాలి. పన్నెండు దాటితే తేదీ మారిపోతుంది. 'శనివారం రాత్రి' అనుకుని శనివారం తేదీకి చేస్తే, ఒకరోజు ముందే రైలు వెళ్లిపోతుంది. నేను అదే చెయ్యబోయాను. మా అమ్మాయి పట్టుకుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. ప్రపంచకప్ తేదీలు అంతకన్నా చాలా ముందే ప్రకటిస్తారు. అందుకని తేదీ తెలియగానే రానూ పోనూ బెర్తులు పట్టుకోండి. మ్యాచ్ రాత్రి పదిన్నర దాకా సాగుతుంది. అదే రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకుంటే ఆఖరి ఓవర్లు చూడకుండానే లేవాల్సొస్తుంది. ఒక రోజు బడి పోతే పోనివ్వండి.

టికెట్టు సంగతి

ఈ ప్రపంచకప్‌లో లీగ్ మ్యాచ్‌ల టికెట్లు వంద రూపాయల నుంచే మొదలయ్యాయి. పిల్లాజెల్లాతో కుటుంబమంతా ప్రపంచకప్‌కి వెళ్లగలగడమంటే మాటలు కాదు. నిర్వాహకులు ప్రకటించిన చోటే కొనండి. గేటు బయట ఎవరో చెవిలో చెప్పే టికెట్టు జోలికి పోవద్దు. ఫోనులో వచ్చింది సరిపోతుందా, కౌంటర్లో కాగితం టికెట్టుగా మార్చుకోవాలా అన్నది ముందే చూసుకోండి. చంటిపిల్లలకు టికెట్టు కావాలా అన్నదీ అంతే. గుర్తింపు కార్డు జేబులో, ఫోనులో నిండా చార్జింగ్ ఉండాలి. గేటు దగ్గరికి చేరేసరికి ఫోను ఆరిపోతే చేతిలో టికెట్టు ఉన్నా లేనట్టే.

సీటు ఎంచుకునే వీలుంటే ఒక చిన్న సూత్రం. క్రికెట్ పిచ్‌ను సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, బ్యాటర్ కళ్లలో ఎండ పడకుండా. కాబట్టి మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లో తూర్పు వైపు కూర్చున్నవాళ్ల మొహాన ఎండ కొడుతుంది. పడమర వైపు వాళ్లకు నీడ ముందుగా వస్తుంది. బంతి ఎటు తిరుగుతోందో తెలియాలంటే పిచ్‌కు నేరుగా ఉండే సీటు మంచిది. ఫీల్డర్ల పరుగు చూడాలంటే బౌండరీ పక్కన. మా అమ్మాయి బౌండరీయే అడిగింది. గ్లౌజు లేకుండా ఎలా పడతారో చూడాలంట!

తిరునాళ్లకు వెళ్లినట్టే

స్టేడియం ఊరి నడిబొడ్డున లేదు. మధురవాడ దగ్గర పోతినమల్లయ్యపాలెంలో, జాతీయ రహదారి పక్కన, కొండల నడుమ ఉంది. రైల్వేస్టేషన్ నుంచి బాగా దూరమే. 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టి దేశానికి పరిచయమైంది ఇక్కడే. మ్యాచ్ రోజు ఆ దారి సంగతి చెప్పక్కర్లేదు. మూడింటి ఆటకు పన్నెండున్నరకే లాడ్జి దాటండి.

ఏ స్టేడియంలోనైనా సంచులు, నీళ్లసీసాలు, పవర్‌బ్యాంకులు, గొడుగులు, అగ్గిపెట్టెలు, ఇంటి తిండి గేటు దగ్గరే ఆగిపోతాయి. మా అమ్మ చీర కొంగున కట్టుకొచ్చిన వేరుశనగ ఉండలు అక్కడే వదిలేయాల్సొచ్చింది. "పిల్లోళ్ల తిండి గూడా పట్టుకుంటారా?" అని తనిఖీ చేసే అమ్మాయిని నిలదీసింది. ఆ అమ్మాయి నవ్వి, "తినేసి రండమ్మా" అంది. గేటు పక్కన నిలబడి ముగ్గురం తినేసి లోపలికెళ్లాం. మందులు వేసుకునే పెద్దవాళ్లుంటే చీటీతో సహా తీసుకెళ్లండి. నిండుగా భోంచేసి బయల్దేరండి.

జనం విషయం నవ్వులాట కాదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ తర్వాత ఈ ప్రపంచకప్ వేదికల నుంచి బెంగళూరును తప్పించి నవీ ముంబైని చేర్చారు. కాబట్టి గేటు తోసుకుంటున్నారంటే వెనక్కి తగ్గండి. రెండు ఓవర్లు పోతే పోతాయి. చెన్నకేశవస్వామి తిరునాళ్లలో మా అమ్మ నాకు చెప్పేది: 'తప్పిపోతే ఏడుస్తా తిరగబాకు, ధ్వజస్తంభం కాడ నిలబడు' అని. స్టేడియంలోనూ ఒక ధ్వజస్తంభం పెట్టుకోండి. మీ స్టాండు మెట్ల దగ్గరో, గేటు నంబరు బోర్డు కిందో. వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే సిగ్నల్ అందకపోవచ్చు. పిల్లల జేబులో నాన్న నంబరు రాసిన చీటీ పెట్టండి. ఆట అయ్యాక పదిహేను నిమిషాలు కూర్చుని లేవండి.

టీవీలో కనపడనిది

ఆ రోజే స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లు పెట్టారు. మా అమ్మాయి ఆ సంగతి అవ్వకు చదివి చెప్పింది. "ఆడపిల్లల పేర్లే? బతికుండంగనే?" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది.

స్మృతి మంధాన, ప్రతీకా రావల్ తొలి వికెట్‌కి 155 పరుగులు చేశారు. మంధాన 80, ప్రతీక 75. స్టేడియం ఊగిపోయింది. స్కోరు 330కి చేరింది. అమ్మ నాకేసి చూసి, 'ఆదివారం కూడా మంచిదే' అన్నట్టు తలూపింది. ఆ తర్వాత అలిస్సా హీలీ వచ్చింది. 142 పరుగులు. మా చుట్టూ ఉన్న కేకలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

టీవీ మనకు బంతినే చూపిస్తుంది. స్టేడియంలో బంతి లేని చోటు కనిపిస్తుంది. బౌలర్ పరుగెత్తుకొస్తుంటే ఫీల్డర్లంతా ఒక్కసారిగా నాలుగడుగులు లోపలికి నడవడం, బంతి తమవైపు రాకపోయినా విసురుకు అడ్డంగా ఉరకడం, ఓవర్ మధ్యలో ఎవరో వచ్చి భుజం తట్టిపోవడం. "నాన్నా, మా సార్ చెప్పేది ఇదే. బంతి రాని చోట కూడా ఆడాలంట" అంది మా అమ్మాయి. సాఫ్ట్‌బాల్ మాట ఇంట్లో మళ్లీ వినబడింది అప్పుడే. నేనేం మాట్లాడలేదు.

ఆ ధాటిలో ఎడమచేత్తో స్పిన్ వేస్తున్న ఒక అమ్మాయి మాత్రం తొణకలేదు. పది ఓవర్లు, 41 పరుగులు, మూడు వికెట్లు. శ్రీచరణి.

"ఆ పిల్లది యా ఊరు?" అంది అమ్మ.

"కడప జిల్లా అవ్వా. వీరపునాయునిపల్లె మండలం, ఎర్రమల్లె."

"కడపా! గిద్దలూరు దాటి పోరుమామిళ్లకు పోతే కడప జిల్లానే గదా. మన పక్కపిల్లే!"

అప్పటిదాకా ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక కూర్చున్న మా అమ్మకు ఆటంతా ఒక్కసారి అర్థమైపోయింది. ఆ తర్వాత చరణి బంతి పట్టినా కొట్టింది, వదిలినా కొట్టింది.

చరణి సంగతి మా అమ్మాయికి కంఠతా వచ్చు. చిన్నప్పుడు వేరే ఆటలు ఆడి, పదహారో ఏట క్రికెట్‌ను గట్టిగా పట్టుకుందట. 2025 ఏప్రిల్‌లోనే తొలి అంతర్జాతీయ వన్డే ఆడింది. ఆరు నెలలకే ప్రపంచకప్‌లో ఉంది. "పదహారేళ్లకా?" అని తనలో తనే అనుకుంది మా పిల్ల. దానికి అప్పటికి పద్నాలుగు.

మ్యాచ్ ఓడిపోయాం. 331 లక్ష్యాన్ని ఆస్ట్రేలియా ఒక ఓవర్ మిగిలుండగానే కొట్టేసింది. అప్పటికి మహిళల వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ అందుకోలేదు. కండరాలు పట్టేసి మధ్యలో బయటికెళ్లిన ఎలీస్ పెర్రీ తిరిగొచ్చి సిక్సర్‌తో ముగించింది. మా చుట్టూ నిశ్శబ్దం. లేచి వెళ్లిపోదామన్నాను. అమ్మాయి కదల్లేదు. ఓడిన జట్టు వరసగా నడుస్తూ గెలిచినవాళ్లకు చెయ్యి కలుపుతోంది. చివరిదాకా చూసింది.

సోమవారం పొద్దున్నే సింహాచలం. అమ్మ ఏం మొక్కుకుందో చెప్పలేదు.

మళ్లీ బేస్తవారం

ఆ తర్వాతి ఆదివారం ఇండోర్లో ఇంగ్లండ్ చేతిలోనూ ఓడారు. వరసగా మూడు. పేపర్లో పెదవి విరుపులే. ఇక ఎలాగైనా న్యూజిలాండ్ మీద గెలవాలి. అక్టోబరు 23న గెలిచారు. సెమీస్‌లో మళ్లీ అదే ఆస్ట్రేలియా. 339 లక్ష్యం. అక్టోబరు 30న జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో నిలబడి గెలిపించింది. విశాఖలో మేం చూసిన రికార్డు మూడు వారాల్లోనే మనవాళ్ల పేరు మీదకొచ్చింది.

ఆ రాత్రి అమ్మ క్యాలెండర్ దగ్గర నిలబడి వేలు పెట్టి చూపించింది. 23వ తేదీ ఏ వారం? బేస్తవారం. 30వ తేదీ? బేస్తవారం!

"మరి ఫైనల్ ఆదివారం గదమ్మా" అన్నాను.

"ఆదివారం చేతులు కలపడం నేర్చుకున్నారుగా, ఇంక గెలవడమే మిగిలింది" అంది.

నవంబరు 2 ఆదివారం. నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి కప్పు ఎత్తేసరికి అర్ధరాత్రి. మా వీధిలో మేలుకున్న ఇళ్లు కొన్నే. మా ఇల్లు అందులో ఒకటి. చరణికి టోర్నమెంటులో మొత్తం 14 వికెట్లు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ టీవీకి చెప్తోంది, "మేం వచ్చినప్పుడు ఓడారు గానీ... మేం వచ్చాం సుమా!"

సోమవారం పొద్దున బడికి టైమవుతోంది. అమ్మాయి కోసం లోపలికెళ్తే, కుర్చీ వేసుకుని బీరువా మీద వెతుకుతోంది. గ్లౌజు నిండా దుమ్ము.

"నాన్నా, దీనికి కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుందా?"

మా ఆవిడ వంటింట్లోంచి నూనె సీసా తెచ్చి ఇచ్చింది.