ప్రసూతి సెలవుకు పింఛను కోత

మా వీధి చివరింటి అమ్మాయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పాపకు ఐదో నెల వచ్చాక మళ్లీ డ్యూటీలో చేరింది. మొన్నొక సాయంత్రం ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, "బాబాయ్‌గారూ, ఇందులో ఆరు నెలలు ఎగిరిపోయాయి చూడండి" అంది. నిజమే. నెలనెలా తన వాటా 1,440, యాజమాన్యం వాటా 440, పింఛను నిధికి 1,000 అని వరసగా వస్తున్న అంకెలు ఒకచోట తెగి, ఆరు నెలల తర్వాత మళ్లీ మొదలయ్యాయి. హెచ్‌ఆర్‌లో అడిగితే "అవి ఎన్‌సీపీ డేస్ అమ్మా" అన్నారట. చందా పడని రోజులని అర్థం. పక్కనే కూర్చున్న వాళ్లాయన తేల్చేశాడు: "దానికేముంది, వీపీఎఫ్ పెంచుకుంటే సరి."

ఈ మాట ఆయన సొంతం కాదు. యూట్యూబ్‌లో డబ్బు సలహాలిచ్చేవాళ్ల దగ్గర్నుంచి ఆఫీసు క్యాంటీన్ దాకా అందరూ అంటున్నదే. సెలవు పెట్టింది నువ్వు, లోటు పూడ్చుకోవలసిందీ నువ్వే, తిరిగొచ్చాక నాలుగు రూపాయలు ఎక్కువ కట్టుకో. వినడానికి పెద్దమనిషి సలహాలాగే ఉంటుంది. కాగితం మీద లెక్క వేస్తే మాత్రం నిలవదు.

యాజమాన్యం కట్టే 12 శాతంలో 8.33 శాతం ఈపీఎస్‌కు, అంటే పింఛను పథకానికి పోతుంది. వీపీఎఫ్ పేరుతో మనం ఇష్టపడి అదనంగా ఎంత కట్టినా అది పీఎఫ్ ఖాతాలోనే పడుతుంది, పింఛనులోకి పైసా చేరదు. దానికి సమానంగా యాజమాన్యం కూడా కట్టాలన్న నిబంధన లేదు. పైగా ఈపీఎస్ పింఛను పోగైన డబ్బును బట్టి రాదు. సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. ఆ అమ్మాయి పాస్‌బుక్‌లో తగ్గిపోయింది సర్వీసు. దాన్ని వీపీఎఫ్ కొనిపెట్టదు.

ఇద్దరు పిల్లల తల్లిని తీసుకోండి. కాన్పుకు 26 వారాల చొప్పున రెండు కాన్పులకు 364 రోజులు. హాజరు పట్టీలో సరిగ్గా 20 ఏళ్లు పేరుండి 58కి రిటైరైన ఆమెకు, ఆ రోజులు తీసేస్తే మిగిలే సర్వీసు 19 ఏళ్లు. 20 నిండినవాళ్లకు పథకం మరో రెండేళ్లు కలిపి ఇస్తుంది. 19 దగ్గర ఆగినామెకు ఆ రెండూ రావు. అంటే ఆమెతోపాటే చేరి, ఆమెతోపాటే దిగిపోయిన మగాయనకు 22 ఏళ్ల పింఛను, ఆమెకు 19 ఏళ్లది. 2014 సెప్టెంబరులో పెట్టిన 15,000 జీత పరిమితి మీద లెక్కేస్తే ఆయనకు నెలకు 4,714, ఆమెకు 4,071. తేడా 643 రూపాయలు, బతికున్నన్నాళ్లూ. కనీస పింఛను వెయ్యి రూపాయలున్న పథకంలో దీన్ని చిల్లర అనలేం.

అందరు తల్లులకూ ఇలా జరగదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. జీతం 21,000 దాటి ఈఎస్‌ఐ బీమాలో లేని ఉద్యోగినికి ప్రసూతి సెలవులో జీతం యాజమాన్యమే ఇస్తుంది. దాంట్లోంచి పీఎఫ్ మామూలుగానే పట్టి, తమ వాటా కలిపి కట్టే కంపెనీలు చాలానే ఉన్నాయి. 21,000 లోపు నర్సుకు, అచ్యుతాపురంలో కుట్టుమిషను ముందు కూర్చునే అమ్మాయికి, శ్రీసిటీలో ఫోన్లు బిగించే పిల్లకు డబ్బిచ్చేది ఈఎస్‌ఐ. చట్టం దృష్టిలో అది జీతం కాదు గనుక దాని మీద పీఎఫ్ పడదు. ఎక్కువ జీతమున్నామెకు సర్వీసు నడుస్తూనే ఉంటుంది, తక్కువ జీతమున్నామెకు ఆగిపోతుంది. పాలడబ్బా ధర చూసి గుండె గుభేలుమంటున్న ఈమెకేనా, ఇంకాస్త ఎక్కువ కట్టుకోమని మన సలహా?

పని చెయ్యని రోజులకు చందా ఏమిటని అడుగుతారు. గ్రాట్యుటీ చట్టం ఆ 26 వారాలనూ సర్వీసుగానే లెక్కిస్తుంది. మనిషీ అదే, ఆఫీసూ అదే, ఆ ఆరు నెలలూ అవే. గ్రాట్యుటీ లెక్కలో ఆమె ఉద్యోగంలో ఉంది, పింఛను లెక్కలో లేదు!

యాజమాన్యాల మీద భారం పెంచితే ఆడవాళ్లను తీసుకోవడమే మానేస్తారన్నది ఇంకో మాట. ఇది కొట్టిపారేసేది కాదు. 2017లో 12 వారాల సెలవు 26 అయినప్పుడు కూడా ఇదే భయం వినిపించింది. అందుకే ఒక్కో యజమాని నెత్తినా వెయ్యమనడం లేదు నేను. ఈఎస్‌ఐకి యాజమాన్యం 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం ఇప్పటికే కడుతున్నారు, మగవాళ్ల జీతాల మీద కూడా. కాన్పుకు డబ్బిచ్చే ఆ ఉమ్మడి నిధే పింఛను చందా కూడా కట్టవచ్చు. మా నర్సు విషయంలో అయ్యే ఖర్చు నెలకు వెయ్యి చొప్పున ఆరు వేలు. జర్మనీలో 1992 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ మూడేళ్ల పింఛను సర్వీసు, పెంచినవాళ్ల ఖాతాలో జమ అవుతుంది, చందా ప్రభుత్వానిది. ఇంగ్లండులో స్థానిక సంస్థల ఉద్యోగుల పథకం, అనుమతితో పెట్టిన జీతం లేని సెలవులో పోయిన పింఛనును తిరిగి కొనుక్కోనిచ్చింది. తిరిగి చేరిన 30 రోజుల్లోపు కోరితే ఖర్చులో మూడింట రెండు వంతులు యాజమాన్యమే భరించాలంది. ఆ మూడో వంతు కూడా ఉద్యోగి మీద వెయ్యడం నాకు నచ్చదు. అయినా అక్కడ కొనుక్కునే దారి ఒకటుంది.

వాళ్లాయన పోరు పడలేక ఆ అమ్మాయి మర్నాడే వీపీఎఫ్ ఫారం తెచ్చుకుంది. ఎంత శాతం, ఏ నెల నుంచి అని రెండు గడులున్నాయి. "పోయిన నెలలవి ఎక్కడ రాయాలి బాబాయ్‌గారూ?" అంది. కాగితం తిరగేసి చూశాం. వెనకవైపు ఖాళీ.