తుఫాను తాకిన బండి – తొందరపడని గృహస్థుడు



తుఫానులు మన తీరమునకు క్రొత్త కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమును, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళము జిల్లాను, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల తీరమును దెబ్బతీసినవి. 2024 సెప్టెంబరు ఆరంభములో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతములో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీట నానినవి. ఇంటిని గూర్చి, పంటను గూర్చి చెప్పువారు అనేకులున్నారు. ఈ నెల మేము బండిని గూర్చి మాటలాడగోరుచున్నాము. ఆటో గాని, మోటారు సైకిలు గాని, ట్రాక్టరు గాని పల్లె కుటుంబమునకు విలాసము కాదు; అది అన్నము పెట్టు చెయ్యి.

మేమెరిగిన ఒక ఆటో సహోదరుడు వరద తీసిన ఉదయమే బండి స్టార్టు చేసి చూచెను. రెండుసార్లు మూలిగి ఇంజను బిగుసుకొనిపోయినది. గాలి నొక్కితే అణగును గాని నీరు అణగదు. సిలిండరులో నీరుండగా ఇంజను తిప్పితే లోపలి రాడ్డు వంగిపోవును. వరద వలన కాదు, స్టార్టు చేసినందువలన చెడినదని బీమా కంపెనీవారు ఇంజను ఖర్చు ఇయ్యలేదు. అతడు వడ్డీకి అప్పు తెచ్చి బాగుచేయించెను. ఆటో నిలిచిపోయిన ఆ నెలలో కూడ ఫైనాన్సు వాయిదా ఆగలేదు. ఆగినది కూతురి కాలేజీ ఫీజు మాత్రమే.

గనుక మొదటి మాట ఇది: నీట మునిగిన బండిని స్టార్టు చేయకూడదు, తోసి కూడ స్టార్టు చేయకూడదు. బ్యాటరీ వైరు విప్పి, మెకానిక్కు ఉన్న చోటికి లాగించుకొని పోవలెను. ఇంజను ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉన్నయెడల నీరు లోనికి పోయినదని అర్థము. ఉప్పునీరు తగిలినట్లయితే మంచినీళ్లతో కడిగించుట ఆలస్యము చేయరాదు. చెట్టుతోపాటు కరెంటు తీగ బండి మీద పడియుంటే, కరెంటువారు వచ్చువరకు ఎవరినీ దగ్గరకు పోనీయకండి.

రెండవ మాట: ఏమియు కదల్చక ముందే అన్ని వైపులనుండి ఫోటోలు తీయండి. నంబరు ప్లేటు, నీరు నిలిచిన మట్టము కనబడవలెను. వెంటనే బీమా కంపెనీకి తెలియజేసి ఫిర్యాదు నంబరు వ్రాసికొనండి. సర్వేయరు చూడకముందు రిపేరు మొదలుపెట్టవద్దు. పాత సామాను పారవేయవద్దు. ఆర్‌సీ, లైసెన్సు నీట పోయినను, డిజిలాకరులో ఉన్న ప్రతులు చెల్లును.

మూడవది, పాలసీని ఇప్పుడే తీసి చదువుకొనండి. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివానికి కలిగిన నష్టమునకే గాని మన బండికి రూపాయి ఇయ్యదు. తుఫాను, వరద నష్టము ఇచ్చునది సొంత నష్టము కూడ కలిసిన ప్యాకేజీ పాలసీ. అదియు పూర్తిగా ఇయ్యదు. సాధారణముగా రబ్బరు, ప్లాస్టిక్కు, బ్యాటరీ సామానులో 50 శాతము తరుగు తీయుదురు. అయిదేండ్లు దాటి పదేండ్లలోపు బండి ఇనుప భాగములలో 40 శాతము తీయుదురు. అద్దములకు తరుగు లేదు. పల్లపు ప్రాంతమువారు కొంచెము ఎక్కువ కట్టి ఇంజను రక్షణ చేర్చుకొనుట మేలు.

న్యాయమైన సొమ్ము నిరాకరించినయెడల మొదట కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయండి. 30 రోజులలో జవాబు రాకపోయినను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకపోయినను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా వ్రాయవచ్చును. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

చివరిగా ఒక మనవి. ఈ కాగితములు చదువలేని తల్లులు, వృద్ధులు మన వీధిలోనే ఉన్నారు. కొడుకు దూరదేశములో ఉండగా వాని బండికి కాపలా ఉన్న తండ్రులున్నారు. తుఫాను వెలసిన మరునాడు యౌవనస్థులు ఇద్దరు ఫోను పట్టుకొని ఇంటింటికి వెళ్లి, ఫోటోలు తీసి, ఫారములు నింపిపెట్టినయెడల, ఎన్నో కుటుంబములు వడ్డీ వ్యాపారి గడప త్రొక్కకుండ నిలువగలవు. వాన రాకముందే ఆ ఇద్దరు ఎవరో మీ ఊరిలో నిర్ణయించుకొనండి.