రికార్డో భాటకం - మన ఊరి కౌలు

"బి.ఏ.లో ఏం గ్రూపు బాబూ?" అని బంధువులెవరైనా అడిగితే "ఎకనామిక్స్" అని చెప్పి చూడండి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "అయ్యో, ఇంజనీరింగులో సీటు రాలేదా?" మన శాస్త్రానికి సమాజంలో ఉన్న గౌరవం ఇదీ! అయితే తప్పంతా బంధువులదేనా? మనం చదువుతున్న తీరులోనే ఏదో లోపం ఉందని నా అభిప్రాయం.

రికార్డో భాటక సిద్ధాంతాన్నే తీసుకోండి. పరీక్షలో వస్తే ఎగిరి గంతేస్తాం. నిర్వచనం, పట్టిక, పటం, విమర్శలు. నాలుగు పేజీలు గడగడా రాసేస్తాం. 1817లో తన గ్రంథంలో ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఏమిటి? భాటకం వల్ల ధాన్యం ధర పెరగదు, ధాన్యం ధర పెరగడం వల్లే భాటకం పెరుగుతుంది అని. ఇంగ్లండులో ధాన్యం ధరలపైన, భూస్వాముల లాభంపైన పెద్ద వాగ్వివాదం నడుస్తున్న రోజుల్లో పుట్టిన సిద్ధాంతమది. అంటే అది ఆనాటి ప్రభుత్వ విధానం మీద చర్చ. మనకేమో అది పది మార్కుల ప్రశ్న!

అదే సూత్రాన్ని మన ఊరి పొలానికి అన్వయించి చూడండి. మద్దతు ధర పెరిగితే కౌలు కూడా పెరిగే వీలుంది. అప్పుడు పెరిగిన ధరలో చెమటోడ్చినవాడికి దక్కేదెంత, గట్టు మీద నిలబడ్డవాడికి దక్కేదెంత? 2018లో తెలంగాణలో రైతుబంధు పథకం మొదలైంది. ఎకరానికి, పంటకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చారు. మంచిదే. కాని అది పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవారికే. నాగలి పట్టిన కౌలు రైతుకు పాసు పుస్తకం ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. సంతకం లేకపోతే బ్యాంకు గుమ్మం ఎక్కలేనని కౌలుదారు బాధ. ఇద్దరి భయాలూ నిజమైనవే. ఈ ముడి విప్పడం ఎలా? మిత్రులారా, అర్థశాస్త్రమంటే ఇదీ! పబ్లిక్ పాలసీ అంటే ఇదీ!

"ఇవన్నీ ఎందుకయ్యా, గ్రూప్ వన్, గ్రూప్ టూ పరీక్షలకు బిట్లు చాలవా?" అంటారు కొందరు. ఉద్యోగం అక్కర్లేదని నేననను. బి.ఏ.లో చేరేవారిలో చాలామంది ఇంటి పరిస్థితి నాకు తెలియనిది కాదు. కాని రేపు ఆ కుర్చీలో కూర్చుని జీవోలు రాసేది మనవాళ్లే కదా! "పాసు పుస్తకం ఉన్నవారికి" అన్న ఒక్క మాట రాసేటప్పుడు, ఆ మాట వల్ల ఎవరు బయట ఉండిపోతారో తెలియాలా వద్దా? బిట్లు ఆ సంగతి చెప్పవు.

మరొక చిక్కు భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. ఇంగ్లీషు రావలసిందే, కాదనను. అయితే 'మార్జినల్ ప్రొడక్టు' అని క్లాసులో రాసినవాడు ఊళ్లో రైతుతో ఆ సంగతే తెలుగులో మాట్లాడలేకపోతే ఆ చదువు సగమే.

మరి చేయవలసిందేమిటి? పెద్ద ఖర్చేమీ లేదు. రెండో సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక ఊరికి వెళ్లి పది ఇళ్లలో కౌలు, అప్పు, రేషను లెక్కలు రాసుకు రావాలి. దానికి మార్కులుండాలి. శాసనసభలో బడ్జెట్ పెట్టిన వారం క్లాసులో ఆ కాగితాలే పాఠం కావాలి. ఇది జరగని పనేమీ కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక, సామాజిక తనిఖీల్లో పల్లెటూరి యువతీ యువకులే మస్టర్ రోళ్లు చేతబట్టుకుని "పనికెళ్లావా అమ్మా, కూలి డబ్బు ముట్టిందా?" అని ఇంటింటా అడిగారు. వాళ్లు చేసిన పని డిగ్రీ చదివే మనం చేయలేమా?

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదు" అని మన పెద్దలు సామెత చెప్పారు. వడ్డించేవాడు ఎవడైనా సరే, కడపంక్తిలో కూర్చున్నవాడికి విస్తట్లో అన్నం పడేలా ఏర్పాటు చేయడమే ప్రభుత్వ విధానం. ఆ ఏర్పాటు ఎలాగో నేర్పని అర్థశాస్త్రం, ఎన్ని పటాలు గీసినా, పరీక్ష హాలు గుమ్మం దాటదు.