ఇంజను కాలితే డ్రైవరు జీతం కోస్తారా?

ఆదివారం మీటింగులో మన గల్లీ డ్రైవరు పిల్లవాడి మీద లారీ ఇంజను ఖర్చు వేశారు. నెలనెలా జీతంలో కోస్తారట. మేము ఒప్పుకోము.

కంప్యూటరు పెట్టి ఇంజనుకి ట్యూనింగ్ చేయించింది ఓనరు. డ్రైవరును ఒక్క మాట అడిగారా? డీజిల్ ఎక్కువ పోతే బలం వస్తుంది, నిజమే. వేడి కూడా వస్తుంది. రేడియేటరు పాతదే, టర్బో పాతదే, పిస్టన్లు పాతవే. ఖాళీ బండి తోలి చూసి శభాష్ అనుకున్నారు. నిండు లోడుతో ఖండాలా ఘాట్ ఎక్కితే ఇంజను ఊపిరి తీసుకోకుండా లాగాలి, వేడి అక్కడే పేరుకుంటుంది. ఆ పిస్టన్లు అల్యూమినియంవి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది.

నీళ్లు, ఆయిలు చూసుకోలేదని వాడి మీద నేరం. ఆయిలు లేకుండా తోలితే ముందు బేరింగులు పట్టేస్తాయి. అవి బాగున్నాయని విప్పిన మిస్త్రీయే చెప్పాడు. చిల్లు పడింది పిస్టన్ నెత్తిన.

అదే ఘాటుకి మా రైల్వేవాళ్లు ఏం చేస్తారు? 37 అడుగులకి ఒక అడుగు ఎత్తు. కర్జత్‌లో రైలు వెనక బ్యాంకర్ ఇంజన్లు తగిలించి లోణావళా దాకా తోయిస్తారు. ఉన్న ఇంజనుకే ఇంకా తాగించి లాగమనరు. (లారీకి బ్యాంకరు ఎక్కడిదంటారా? లోడు తగ్గించండి.)

ఈ నెల కోసిన డబ్బు ముందు వాడికి వాపసు ఇవ్వండి. వచ్చే ఆదివారం ఆ పిస్టన్ తెచ్చి అందరి ముందు టేబులు మీద పెట్టండి. మేమూ వస్తాం.